తెల్లనిదే గాని పల్చనిది కాదు

మన ఊళ్లో పేరుకూ సరుకుకూ పొత్తు లేని దుకాణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో అగ్రతాంబూలం 'వైన్స్' అని బోర్డు కట్టుకున్న దుకాణానికే ఇవ్వాలి. ఉప్పల్ చౌరస్తాలో బయలుదేరి హబ్సిగూడ మీదుగా నాచారం దాకా రండి. దారి పొడుగునా అక్కడక్కడ ఆ బోర్డు కనిపిస్తూనే ఉంటుంది. లోపల బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, బీరు పెట్టెలకు పెట్టెలు ఉంటుంది. వైన్ ఉన్నదా అని అడిగితే మాత్రం దుకాణదారు ఒకసారి మన ముఖంలోకి చూసి, ఎక్కడో వెనక అరలోంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి తీసి తుడుస్తాడు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, 'వైన్స్'లో వైన్ అంత!

అంచేత మనవాళ్లలో చాలామందికి వైన్ అన్న మాట తెలుసు గాని వస్తువు తెలియదు. తెలియని వస్తువంటే భయం సహజం. ఆ భయానికి కారణం లేకనూ పోలేదు. సారా ఎన్ని కాపురాలు కూల్చిందో మా తరం కళ్లారా చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించి తమ ఊరి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకున్నది. మా నాచారంలో స్టూడియో కట్టుకున్న ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది సడలిపోయింది. ఈ చరిత్ర తెలిసిన ఇల్లాలు 'వైన్' అన్న మాట చెవిని పడగానే తలుపు గడియ వేసుకుంటే ఆమెను తప్పు పట్టలేము.

అయితే చిత్రమేమిటంటే, అదే ఇల్లాలు నీరసానికనో, ఆకలి పుట్టటానికనో అలమారలో ద్రాక్షారిష్టం సీసా ఒకటి ఉంచుకుంటుంది. ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం కలిపి, ధాతకీ పువ్వులు వేసి, పాత్ర మూతి కట్టి కొన్నాళ్లు పులియనిస్తే తయారయ్యేదే ద్రాక్షారిష్టం. అందులో ఆల్కహాలు ఎవరూ బయటినుంచి పోయరు. తనంతట తానే పుడుతుంది. పూజ్యులైన మన వైద్యులు దాన్ని చెంచాలతో కొలిచి ఇచ్చారు కనుక అది మందు అయింది. గ్లాసులతో తాగితే మరొక 'మందు' అయ్యేది. కౌటిల్యుడు కూడా అర్థశాస్త్రంలో ద్రాక్షరసంతో చేసిన మధువును ప్రస్తావించి, దానికి కాపిశాయనమనీ, హారహూరకమనీ పుట్టిన దేశాన్ని బట్టి పేర్లు చెప్పాడు. కపిశ నేటి ఆఫ్గనిస్తాన్‌లోని ప్రాంతం. సారాయి ఏ ఊళ్లో కాచినా సారాయే. ద్రాక్షసారాకు మాత్రం ఊరే ఇంటిపేరు.

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, మా అమ్మాయి వైన్ చేస్తుంది.

నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో ముప్ఫై యేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయి ఉస్మానియాలో మైక్రోబయాలజీ చదివి, పైచదువుకు కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అక్కడ ద్రాక్ష సాగుకూ, వైన్ తయారీకీ ప్రత్యేకంగా ఒక శాఖే ఉన్నది. చదువు ముగిశాక నాపా దగ్గర కార్నెరోస్ అనే చోట ఒక వైన్ కర్మాగారంలో ఉద్యోగం దొరికింది. పులిసే రసంలో తీపి ఎంత మిగిలింది, పులుపు ఎంత ఉన్నది, ఈస్టు బాగా పనిచేస్తున్నదా అలిసిపోయిందా అని రోజూ చూసి చెప్పటం ఆమె పని.

ఈ కబురు మా బంధువర్గంలో చేరవలసిన చోటికల్లా చేరింది. ఒక పెళ్లి పంక్తిలో, వరసకు నాకు బావగారయ్యే పెద్దమనిషి, అరిటాకు మీద నీళ్లు చల్లుకుంటూ, "ఇంకేం! తండ్రిది మందుల కంపెనీ, కూతురిది మందు కంపెనీ!" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. చమత్కారం బాగానే ఉన్నది గనుక నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. ఆ రోజు మొదలు ఎవరు అడిగినా, "అమ్మాయి ల్యాబులో పనిచేస్తోందండీ" అని అంతటితో ఊరుకునేది. అందులో అబద్ధం లేదు. కాని కన్నకూతురి పనిని కొంగుచాటున పెట్టుకుని చెప్పవలసి రావటం ఏ తల్లికీ సుఖం కాదు. ఆ పిల్ల చేసే పని మంచిదా, చెడ్డదా? అసలు అది ఏం పని? ఈ ప్రశ్న మా ఇంట్లో రెండేళ్లు వినబడకుండా తిరిగింది.

కాలిఫోర్నియా సంగతులకు ముందు ఉప్పల్ ద్రాక్ష సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఇది బోధపడదు.

నేను 1976లో నాచారంలో కాపురం పెట్టిన కొత్తలో, సైకిలు మీద ఉప్పల్ వైపు వెళితే రాతి కడీలు, వాటి మీద తీగల పందిళ్లు, పందిళ్ల కింద చల్లని నీడ కనిపించేవి. ఆ నీడలోకి తొంగి చూస్తే, లేత ఆకుపచ్చ నుంచి తేనెరంగులోకి తిరుగుతున్న గుత్తులు దీపాల్లాగా వేలాడుతుండేవి. ఆ పండు పేరు అనాబ్-ఎ-షాహి. అనాబ్ అంటే ద్రాక్ష, షాహి అంటే రాజులది. అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన 1890లో దాన్ని పశ్చిమాసియా నుంచి హైదరాబాదుకు తెచ్చాడు. నిజాం నగరం చుట్టూ ఈ తీగ ఎంత బాగా నాటుకున్నదంటే, తెల్లద్రాక్ష అంటే హైదరాబాదు, హైదరాబాదు అంటే తెల్లద్రాక్ష అన్నట్టు చాలాకాలం నడిచింది. ఇప్పుడు ఆ తోటలు లేవు. ఉప్పల్‌లో మూసీ వైపున్న నేలను ఇప్పటికీ 'భగాయత్' అంటారు. తోటల భూమి అని ఆ మాటకు అర్థం. ఆ భగాయత్‌లో నేడు ప్లాట్లు, వెడల్పాటి రోడ్లు; ఉప్పల్ మీదుగా 2017 నవంబరు నుంచి మెట్రో రైళ్లు. పేరు మాత్రం తోట పేరే.

మా పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. వాళ్ల తండ్రిగారి కాలం నుంచి అంగూర్ తోట చేసిన కుటుంబం. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఆయన చెప్పే కబుర్లన్నీ పందిరి కిందివే. "ఏప్రిల్ల ఒక కోత సార్, అక్టోబర్ల ఒక కోత. మొదటి కోత తీగె కోసం, రెండోది పండు కోసం. చలి దేశంల తీగెను చలే పండబెడ్తది. మన దగ్గర చలెక్కడిది? కత్తెరతోని మనమే పండబెట్టాలె" అంటాడు. ఎంత శాస్త్రం ఉన్నదో చూడండి ఆ మాటలో! చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన ప్రాంతంలో దానికి నిద్ర లేదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒకసారే కాయించి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పండు కోసుకుంటారు.

ఈ సరంజామాతో, 2018 ఆగస్టులో, నేనూ మా ఆవిడా అమ్మాయి దగ్గరికి వెళ్లాము.

అక్కడ ద్రాక్షకోత రాత్రిపూట. అర్ధరాత్రి దాటాక నుదుటికి దీపాలు కట్టుకుని కూలీలు వరసల మధ్య నడుస్తూ గుత్తులు కోస్తున్నారు. పగటి ఎండలో కోస్తే పండు వేడెక్కి, పెట్టెలోనే పులియటం మొదలవుతుందట. పక్కనున్న శాన్ పాబ్లో సముద్రశాఖ మీదినుంచి తెల్లవారుజామున మంచు తెరలుగా వచ్చి కార్నెరోస్ అంతా కమ్ముకుంటుంది. ఆ చల్లదనమే అక్కడి పండుకు పులుపు నిలిపే మందు. పండు పేరు షార్డొనే. ఫ్రాన్సులో బర్గండీ దాని పుట్టిల్లు.

ఒక గుత్తి నా చేతికి వచ్చింది. ఏం చెప్పమంటారు! మా అనాబ్-ఎ-షాహి గుత్తి పక్కన పెడితే చంటిపిల్ల చెయ్యి. గింజలు చిన్నవి, లోపల విత్తులు. "దీనికా ఇంత వైభవం?" అన్నాను.

"అదే నాన్నా అసలు కిటుకు" అన్నది అమ్మాయి. "మన ఉప్పల్ పండు తినటానికి పుట్టింది. పెద్ద గింజ, పల్చని తోలు, నిండా నీళ్లు. రసంలో చక్కెర నూటికి పద్నాలుగు, పదహారు పాళ్లు. ఇందులో ఇరవైమూడు, ఇరవైనాలుగు దాకా వస్తుంది. ఈస్టు తిన్న చక్కెరలో సుమారు సగం ఆల్కహాలు అవుతుంది. ఇప్పుడు లెక్క కట్టు."

కట్టాను. రాజుల పండుతో చేస్తే ఎనిమిది, తొమ్మిది శాతం. ఈ చిన్న పండుతో పదమూడు, పద్నాలుగు. మన తోటలో హెక్టారుకు ముప్ఫై టన్నులు మించి కాసే తీగ అది. మంచి షార్డొనే తోటలో ఆరేడు టన్నులతో సరిపెట్టుకుంటారు. తల్లి పదిమంది పిల్లలకు పంచే పాలను ఇద్దరికే పోసినట్టు, తీగ తన సారమంతా కొద్ది గుత్తులకే ఇస్తుంది. మా పందిరి పండును చిన్నచూపు చూడనక్కరలేదు. ఎవరి ధర్మం వారిది. పళ్లెంలో నిండుగా ఉండే పండు సీసాలో పల్చనవుతుంది. పళ్లెంలో అల్పంగా కనిపించేది సీసాలో చిక్కనవుతుంది.

ఈ 'చిక్కన' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వైన్ పండితులు దీన్ని 'బాడీ' అంటారు. శరీరమని అనువదించుకోవచ్చు గాని, మన వంటింట్లో 'చిక్కదనం' అనే బంగారంలాంటి మాట ఉండగా శరీరం ఎందుకు? అమ్మాయి మాకు పాఠం చెప్పటానికి పాలే వాడింది. మూడు గ్లాసుల్లో వెన్న తీసేసిన పాలు, మూడు శాతం వెన్న ఉన్న పాలు, చిక్కని మీగడ పాలు పోసి తాగమన్నది. మన లాలాపేట డెయిరీ ప్యాకెట్లలో టోన్డు పాలకూ, ఫుల్‌క్రీము పాలకూ ఉన్న తేడాయే. రుచి ఒకటే; కాని నాలుక మీద ఒకటి నీళ్లలా జారిపోతుంది, ఒకటి కాసేపు కూర్చుంటుంది, ఒకటి నోరంతా పరుపు పరుస్తుంది. తెల్ల వైన్లలోనూ అంతే. సోవిన్యోఁ బ్లాఁ, పినో గ్రీజో వంటివి సాధారణంగా నిమ్మరసంలా తేలిక. పీపాలో పెరిగిన షార్డొనే, వియోన్యే, మార్సాన్, రూసాన్ వంటివి చిక్కన. చాలామంది ఎర్రనిది గట్టిది, తెల్లనిది పసిపిల్లల పానకం అనుకుంటారు. రంగుకూ చిక్కదనానికీ సంబంధం లేదు. పండును తోలుతో పాటు పులియబెడితే ఎరుపు. ముందే పిండి తోలు తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడితే తెలుపు. తోలు తీసేస్తే నల్లద్రాక్షతో కూడా తెల్ల వైన్ చేయవచ్చును.

మరి వైన్‌లో వెన్న లేదు గదా, చిక్కదనం ఎక్కడిది? నేను ప్రయోగశాల మనిషిని కనుక ఈ ప్రశ్న వదలలేదు. మొదటిది ఆల్కహాలే, అది ఎక్కువయిన కొద్దీ నోటికి బరువు తెలుస్తుంది. రెండోది పండులోంచి వచ్చి రసంలో కరిగి ఉన్న సారం. మూడోది మడ్డి. చక్కెర అంతా తినేశాక ఈస్టు చచ్చి పీపా అడుగుకు చేరుతుంది. తేలిక వైన్లను ఆ మడ్డినుంచి త్వరగా వేరు చేస్తారు. చిక్కనివాటిని నెలల తరబడి దాని మీదే ఉంచి, అప్పుడప్పుడు ఒక కర్ర దూర్చి కలియతిప్పుతారు. కవ్వంతో చిలికినట్టే! మడ్డిలోని పదార్థాలు మెల్లగా రసంలో కలిసి నునుపు తెస్తాయి.

నాలుగోది చూడటానికి మా ఇద్దరినీ పీపాల గదిలోకి తీసుకువెళ్లింది. ఓకు చెక్కతో చేసిన పీపాలు, ఒక్కొక్కటి సుమారు రెండు వందల పాతిక లీటర్లవి, వరసలు వరసలుగా పడుకుని ఉన్నాయి. ఫ్రాన్సునుంచి వచ్చిన కొత్త పీపా ఖరీదు వెయ్యి డాలర్లు దాటుతుందట. లోపలి గోడను నిప్పు మీద కాలుస్తారు. అందువల్ల వైన్‌కు వెనిలా వాసన, వేయించిన బాదంపప్పు వాసన అబ్బుతాయి.

అమ్మాయి రెండు గ్లాసులు తెచ్చి వాళ్లమ్మకు ఇచ్చింది. "తాగొద్దమ్మా, వాసన చూసి చెప్పు చాలు" అన్నది. ఒకటి స్టీలు తొట్టిలో పులిసినది, ఒకటి పీపాలో పులిసినది. రెండూ ఒకే తోటలో, ఒకే రాత్రి కోసిన పండు.

మా ఆవిడ జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. ఇక ముందూ ముట్టదు. కాని వాసన పట్టటంలో ఆమెకు సాటి లేరు. వీధి మలుపులో ఎవరింట్లో పోపు మాడిందో చెప్పగలదు. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "పచ్చి ఆపిల్ కాయ. నిమ్మ చెక్క" అన్నది. రెండోదాని దగ్గర ఆగిపోయింది. మళ్లీ చూసింది. "ఇందులో వెన్న ఎందుకు వేశారే?" అన్నది.

అమ్మాయి మొహం చూడాలి అప్పుడు! "వెన్న వెయ్యలేదమ్మా. తోడు పెట్టాము" అన్నది.

సంగతేమిటంటే, ద్రాక్షరసంలో మాలిక్ ఆమ్లం ఉంటుంది. పచ్చి ఆపిల్‌లో కోసేలా ఉండే పులుపు అదే. మొదటి పులియటం ముగిశాక ఒక జాతి బాక్టీరియా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగులో ఉండే మెత్తని పులుపు ఈ లాక్టిక్ ఆమ్లమే. ఆ బాక్టీరియాలు మన తోడు పెరుగులో ఉండేవాటికి దాయాదులు. మార్పు జరిగేటప్పుడు డయాసిటైల్ అనే పదార్థం కొంచెం పుడుతుంది. వెన్నకు వెన్న వాసన తెచ్చే పదార్థాలలో ముఖ్యమైనది అదే. అందుకే చిక్కని షార్డొనేలో వెన్న వాసన. పులుపు మెత్తబడటంతో చిక్కదనం ఇంకా తెలిసివస్తుంది.

"గది మరీ చల్లగా ఉంటే తోడుకోదు కాబోలు" అన్నది మా ఆవిడ.

"అవునమ్మా! చలికాలం ఆలస్యమవుతుంది. అప్పుడు గది వెచ్చబెడతాము. తోడు పడిందా లేదా అని రోజూ చూసి, ఇక చాలు అని చెప్పేది నేనే."

తల్లీకూతుళ్లు ఆ తరవాత అరగంట సేపు పీపాల మధ్య నిలబడి పుల్లబడిన పెరుగు గురించీ, విరిగిన పాల గురించీ, శుభ్రం చాలని పాత్రల గురించీ మాట్లాడుకున్నారు. నేను అవతల పీపాలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఇంటికి వచ్చేటప్పుడు కారులో మా ఆవిడ ఒకే మాట అన్నది: "ఇది వంటే."

అమ్మాయి మరొక కథ చెప్పింది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వర్తకుడు ఒక పోటీ పెట్టాడు. ఫ్రెంచి నిపుణుల ముందు బర్గండీ తెల్ల వైన్లనూ, కాలిఫోర్నియా షార్డొనేలనూ, సీసాల మీది చీటీలు కనబడకుండా ఉంచాడు. తీరా మార్కులు కూడితే నాపాలోని షాతో మాంతెలేనా వారి 1973 షార్డొనే మొదటి స్థానంలో నిలిచింది. చీటీ కనబడి ఉంటే అలా జరిగేదా? నాకు అనుమానమే. మనుషులూ అంతే. చీటీ చదివి రుచి తెలిసిందనుకుంటారు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మాయి తన చేతి మీదుగా తయారైన షార్డొనే సీసాలు రెండు చట్టం ఒప్పుకునే మేరకు పెట్టెలో సర్ది ఇచ్చింది. ఒకటి తెరిచిన సాయంత్రం పక్కింటి పెద్దాయనను పిలిచాను. ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బల్ల మీద ఉంచమని అమ్మాయి హెచ్చరిక. మనవాళ్లు తెల్ల వైన్ అనగానే మంచుగడ్డలా చల్లబరుస్తారు. అలా చేస్తే వాసన ముడుచుకుపోయి, చిక్కనిది కూడా పల్చనగా తోస్తుంది. పది నుంచి పదమూడు డిగ్రీల మధ్య దాని గుణం తెలుస్తుంది. అలాగని గది వేడిలో వదిలేయకూడదు. మా ఉప్పల్ గదికి మే నెలలో ఏ పానీయమూ ఆగదు.

పెద్దాయన గ్లాసును వెలుగుకు ఎత్తి చూశాడు. లేత బంగారు రంగు. "మా పండు మాగినప్పటి రంగే సార్" అన్నాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "తేట కల్లు లెక్క తేలిగ్గ లేదు. పాల లెక్క ఆగుతున్నది నోట్ల. మింగినంక గూడ ఉన్నది" అన్నాడు. వైన్ పండితులు పేజీలు పేజీలు రాసే పాఠం ఆ మూడు ముక్కల్లో అయిపోయింది.

"మీ అనాబ్-ఎ-షాహితో ఇది రాదట" అన్నాను కొంచెం జంకుతూ.

"ఎట్లొస్తది సార్? అది తినెటందుకు, ఇది తాగెటందుకు. ఎద్దు ఎద్దే, ఆవు ఆవే" అని నవ్వాడు. ఆ నవ్వు అయ్యాక, "తీగె మాత్రం ఎక్కడిదైనా ఒక్కటే. కత్తెర పట్టెటోని చెయ్యి ఎరుకైతది దానికి" అన్నాడు.

దేనితో తింటే బాగుంటుందన్న విచారణ కూడా ఆ సాయంత్రమే జరిగింది. ఆవకాయతో పనికిరాదు. ఆల్కహాలు కారాన్ని ఎగదోస్తుంది. రెండూ కలిసి నోటిని పొయ్యి చేస్తాయి. చింతపండు పులుసు ముందు ఈ మెత్తని వైన్ వెలవెలబోతుంది. మిఠాయితో తాగితే అదే వైన్ పుల్లగా, చేదుగా మారుతుంది. ముద్దపప్పు, నెయ్యి, పక్కన అప్పడం ఉంటే మాత్రం చక్కగా కుదిరింది. కొబ్బరిపాలతో చేసిన పులావుకూ, జీడిపప్పు కూరకూ, కారం తగ్గించి నువ్వులపొడి కూరిన గుత్తివంకాయకూ ఇది మేనరికంలాంటి సంబంధం. మాంసాహారులకు కోడి కూర్మా, వేయించిన కొరమీను. సూత్రం సులువు: చిక్కని వంటకు చిక్కని వైన్, తేలిక వంటకు తేలిక వైన్.

కాలిఫోర్నియా దాకా పోలేని వారికి మన దేశపు సీసాలు ఉన్నాయి. బెంగుళూరు దగ్గర నంది కొండల్లో గ్రోవర్ వారు వియోన్యే పండిస్తున్నారు. ఇది పీపా సాయం లేకుండానే చిక్కగా, పూల వాసనతో, జల్దారుపండు వాసనతో ఉంటుంది. ఈ వియోన్యే 1960లలో ఫ్రాన్సులోని తన సొంత గడ్డ మీదనే కొద్ది ఎకరాలకు కుదించుకుపోయి, దాదాపు అంతరించి, ఎవరో కొందరు పట్టుదలగా నాటబట్టి మళ్లీ లోకమంతా పాకింది. మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర ఫ్రతెల్లి వారు షార్డొనే చేస్తున్నారు. హైదరాబాదుకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల్లో తోట వేసి 'కృష్మా' పేరుతో వైన్ చేయించారు. ఉప్పల్‌లో పోయిన పందిరి మరొకచోట మరొక తెలుగు చేతి కింద లేచిందన్నమాట.

ఇంత చెప్పాక పెద్దవాడిగా నాలుగు మాటలు చెప్పకపోతే నా మనసు ఒప్పదు. చిక్కని వైన్ అంటే ఆల్కహాలు ఎక్కువైన వైన్. ఏడు వందల యాభై మిల్లీలీటర్ల సీసాలో అయిదు గ్లాసులు. ఒకే మనిషికి ఒకే పూటకు ఉద్దేశించిన కొలత కాదది. ఎంత తాగితే హాని లేదో చెప్పగల సురక్షితమైన హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మన రాష్ట్రంలో ఇరవైయొక్క యేళ్లు నిండనివారికి చట్టమే ఒప్పుకోదు. ఆరోగ్యం కోసం తాగమని ఎవరన్నా అంటే నమ్మకండి. తాగనివారు తాగకుండానే దీన్ని అర్థం చేసుకోవచ్చు. మా ఇంట్లో అందరికంటె బాగా అర్థం చేసుకున్న మనిషి ముక్కుతోనే ఆ పని చేసింది. నేను నెలకొకసారి, భోజనంతో, ఒక చిన్న గ్లాసు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా నోట్లో ఏం నిలిచి ఉందో గమనించటంలోనే దాని ఆనందమంతా ఉంది. రెండో గ్లాసుతో గమనిక తగ్గి తాగుడు మొదలవుతుంది.

కిందటి మాఘంలో నాచారంలో మా బంధువుల గృహప్రవేశం. మళ్లీ పంక్తి, మళ్లీ అదే బావగారు. "ఏమ్మా, అమ్మాయి ఇంకా ఆ ల్యాబులోనేనా?" అని కన్ను గీటుతూ అడిగాడు. పక్కవాళ్లు నవ్వటానికి సిద్ధపడ్డారు.

మా ఆవిడ గారెల పళ్లెం కింద పెట్టి, కొంగు నడుముకు దోపుకున్నది. "వైన్ చేస్తుందండీ మా అమ్మాయి. రెండు వందల పీపాలు ఆ పిల్ల చూపు కింద ఉంటాయి. పెరుగు తోడు పెట్టినట్టే దానికీ తోడు పెట్టాలి. తోడు పడిందో లేదో అదే చూసి చెప్పాలి. అది సరేనంటే గాని ఒక్క పీపా కదలదు. తెల్లగా ఉంటుంది గాని పల్చగా ఉండదు."

బావగారి చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకో రెండు వెయ్యనా అన్నయ్యగారూ?" అన్నది మా ఆవిడ.